పదిహేనేళ్ల కిందటి వాన

ఎవియన్ ఊట చూడటానికి బయల్దేరే ముందు రోజు రాత్రి, జర్మనీలో ఉండే అక్క తన వంటింట్లో ఉన్న క్రేట్‌లోంచి ఒక ఖాళీ గాజు సీసా తీసి, కడిగి, తుడిచి నా చేతికిచ్చింది. "ఇది బ్యాగులో పెట్టుకోరా, అక్కడ నింపుకుందాం" అంది. ప్లాస్టిక్ సీసా అయితే తేలిగ్గా ఉంటుంది కదా అన్నాను. "ముందు దీన్ని సరిగ్గా చూడు, తర్వాత మాట్లాడు" అంది.

చూశాను. జర్మనీలో నీళ్ల సీసా అంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఇదేనట. 0.7 లీటర్లు పడుతుంది, నడుము దగ్గర నొక్కినట్టు సన్నగా ఉంటుంది, పైభాగం నిండా గ్యాస్ బుడగల్లాంటి చిన్న చిన్న గాజు ముత్యాలు, లెక్కపెడితే 230. 1969లో గ్యుంటర్ కుపెట్జ్ అనే డిజైనర్ గీసిన ఆకారం. అక్కడి ఊటనీళ్ల కంపెనీలు చాలావరకు కలిసి ఇదే సీసా వాడతాయి కాబట్టి ఒకళ్లు నింపి అమ్మినది ఇంకొకళ్లు కడిగి నింపుకోవచ్చు. కానీ అక్క నన్ను చూడమన్నది ముత్యాలని కాదు. భుజం దగ్గర ఒకటి, అడుగు దగ్గర ఒకటి తెల్లగా, గరుకుగా రెండు పట్టీలున్నాయి. ఫ్యాక్టరీలో బెల్టు మీద పక్క సీసాలతో ఒరుసుకుంటూ వెళ్లిన ప్రతిసారీ గాజు కొద్దికొద్దిగా అరిగి అవి ఏర్పడతాయి. పట్టీ ఎంత వెడల్పుగా ఉంటే ఆ సీసా అన్ని ఎక్కువసార్లు తిరిగొచ్చినట్టు. ఒక్కో గాజు సీసా 50 సార్ల దాకా నిండి ఖాళీ అవుతుంది. నా చేతిలోని సీసా పట్టీ వేలి వెడల్పు ఉంది. ఎంతమంది ఇళ్లు తిరిగొచ్చిందో. ఇంకేం మాట్లాడకుండా టవల్‌లో చుట్టి బ్యాగులో పెట్టుకున్నాను.

మేం వెళ్లింది ఎవియన్‌కి. ఫ్రాన్స్‌లో ఆ పేరుతో ఒక ఊరుందని చాలామందికి తెలియదు, సీసా పేరుగానే తెలుసు. నాక్కూడా ఎన్నో ఏళ్లుగా సీసా మీది గులాబీ రంగు అక్షరాలు, మంచుకొండల బొమ్మ మాత్రమే తెలుసు. ఆ నీళ్లు అసలు నేలలోంచి ఎక్కడ వస్తాయి, వచ్చినవి వచ్చినట్టే సీసాలోకి ఎలా వెళ్తాయి, అన్ని సీసాలు తీసినా ఆ ఊట ఎందుకు ఎండిపోలేదు అని చాలా రోజులుగా మనసులో ఉంది. జూన్‌లో అక్క దగ్గరికి వెళ్లినప్పుడు ఈ మాట అంటే, మూడు రోజులు సెలవు పెట్టి తనూ వచ్చేసింది.

అక్క ఉండే ఫ్రైబుర్గ్ నుంచి స్విట్జర్లాండ్‌లోని బాసెల్, అక్కడ రైలు మారి లొజాన్, లొజాన్ స్టేషన్ నుంచి మెట్రోలో కిందికి ఊషి రేవు, అక్కడి నుంచి పడవ. జెనీవా సరస్సుకి ఉత్తరం ఒడ్డున స్విట్జర్లాండ్, దక్షిణం ఒడ్డున ఫ్రాన్స్, మధ్యలో అరగంట పైచిలుకు ప్రయాణం. ఆ సరస్సు లోతు 300 మీటర్లు దాటుతుంది, మధ్యలోకి వచ్చాక నీళ్లు నల్లటి నీలంగా కనిపించాయి. పడవ పై అంతస్తులో మా పక్కన కూర్చున్న పిల్లాడు వాళ్ల నాన్నని ఏదో అడిగాడు, ఆయన సరస్సు వైపు చెయ్యి చూపించి జవాబు చెప్పాడు. అక్కకి ఫ్రెంచ్ కొంచెం వచ్చు. సీసాల్లోకి పోసేది ఈ నీళ్లేనా అని అడిగాడట, వాళ్ల నాన్న అవునన్నాడట. అప్పటికి నేను కూడా దాదాపు అలాగే అనుకుంటున్నాను, సరస్సు కాకపోతే ఎదురుగా కనిపించే మంచుకొండల మీద కరిగిన నీళ్లు అయ్యుంటాయని. రెండూ కాదని మర్నాటికి గానీ తెలియలేదు.

రేవులో దిగి బ్యాగులు గదిలో పడేసి నేరుగా ఎవియన్ నీళ్లు బయటపడే కాషా ఊట దగ్గరికి నడిచాం. ఊరు సరస్సు ఒడ్డు నుంచి మెట్లు మెట్లుగా పైకి పోతుంది, ఊట వీధి కూడా కొంచెం ఎత్తులోనే ఉంది. గోడలో ఒక గూడులా కట్టి, రంగు పలకలు అతికించిన చోట నుంచి సన్నటి గొట్టంలోంచి నీళ్లు పడుతూనే ఉంటాయి. గేటు లేదు, టికెట్ లేదు, ఎవరైనా ఎంతైనా పట్టుకోవచ్చు. మేం వెళ్లేసరికి ముందు నలుగురున్నారు. ఒకావిడ చక్రాల సంచీలోంచి ఒక్కో సీసా తీసి నింపి, మూత బిగించి, మళ్లీ సర్దుకుంటోంది. ఎవరూ తొందరపడట్లేదు. వెనక ఒక సైకిల్ మీద వచ్చినతను చిన్న సీసా చూపిస్తే ఆవిడే పక్కకి జరిగి ముందు పట్టుకోమంది. వాళ్లకి ఇది యాత్రాస్థలం కాదు, రోజూ వచ్చే చోటు.

నా వంతు వచ్చాక ముందు దోసిలి పట్టాను. చల్లగా ఉంది గానీ ఫ్రిజ్‌లో నీళ్లలా పళ్లు జివ్వుమనే చల్లదనం కాదు. ఈ ఊట ఏడాది పొడుగునా 11.6 డిగ్రీల దగ్గరే ఉంటుంది, పైన మంచు కురుస్తున్నా ఎండ మండుతున్నా. నా దగ్గరున్న చిన్న థర్మామీటర్ గొట్టం కింద పెడితే 12 దగ్గర ఆగింది. భూమి పైపొర ఎండకి వేడెక్కుతుంది, చలికి చల్లబడుతుంది, కానీ ఓ పదిపదిహేను మీటర్లు కిందికి పోతే ఆ మార్పులేవీ చేరవు, ఆ ప్రాంతపు ఏడాది సగటు ఉష్ణోగ్రత దగ్గరే నిలకడగా ఉంటుంది. అందుకే ఊట నీళ్లు చలికాలంలో గోరువెచ్చగా, ఎండాకాలంలో చల్లగా తోస్తాయి. ఉష్ణోగ్రత ఊగకపోవడం అంటే ఆ నీళ్లు లోతు నుంచి, నెమ్మదిగా వస్తున్నాయని ఒక గుర్తు. వాన పడ్డ రెండు రోజులకే చల్లబడి, మట్టి రంగు తేలే ఊట అయితే పైనుంచి ఏదో బీటలోంచి నేరుగా దిగుతోందన్నమాట, అలాంటిది ఎంత తేటగా కనిపించినా నమ్మలేం.

రుచి గురించి చెప్పడం కష్టం. నీళ్లకి రుచేంటి అంటారు గానీ ఉంటుంది. ఇవి నాలుక మీద కొంచెం నిండుగా, మెత్తగా తగిలాయి. లీటరులో కాల్షియం 80 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 26, బైకార్బొనేట్ 360, సోడియం మాత్రం 7 లోపే. ఈ అంకెలు సీసా మీద అచ్చువేసి ఉంటాయి, నేనెప్పుడూ పట్టించుకోలేదు. అవి ఎవరూ కలిపినవి కాదు, నీళ్లు నడిచొచ్చిన దారిలో రాళ్ల నుంచి కరిగించుకున్నవి. ఆ అంకెలు ఏళ్ల తరబడి ఒకేలా ఉంటేనే యూరప్‌లో ఒక నీటికి సహజ మినరల్ వాటర్ అనే పేరు ఇస్తారు.

ఊటకి ఎదురుగా పాత భవనం, 1903లో కట్టింది, చెక్క, రంగు గాజు, పెద్ద గుమ్మటం. నీళ్లు తాగడం ఒక వైద్యంగా జనం వచ్చిన కాలం నాటిది. 1789లో ఒక కులీనుడు కాషా అనే ఆయన తోటలో ఉన్న ఈ ఊట నీళ్లు తాగితే మూత్రపిండాల రాళ్ల బాధ తగ్గిందని చెప్పుకున్నాడని, అక్కడి నుంచే పేరు పాకిందని ఊళ్లో ఎవర్ని అడిగినా చెబుతారు. 1826లో సీసాలకెత్తి అమ్ముకోవడానికి అనుమతి ఇచ్చింది ఫ్రాన్స్ కాదు, అప్పటికి ఈ ప్రాంతం సార్డీనియా రాజ్యంలో ఉంది. 1860లో ఫ్రాన్స్‌లో కలిసింది, 1878లో ఫ్రెంచ్ వైద్య అకాడమీ ఈ నీటికి గుర్తింపు ఇచ్చింది. చరిత్ర ఇంతవరకు చాలు, నా మనసంతా పైన కొండ మీదే ఉంది.

మర్నాడు పొద్దున్నే సరస్సు ఒడ్డు నుంచి పైకి ఎక్కే చిన్న కేబుల్ రైలు ఎక్కాం. 1907లో మొదలై, 1969లో ఆగిపోయి, 2002 నుంచి మళ్లీ తిప్పుతున్నారు, అదీ ఉచితమే. పైన దిగి, బస్సు పట్టుకుని గావో పీఠభూమి మీది సెయింట్ పాల్ ఊరికి వెళ్లాం. ఆశ్చర్యం ఏంటంటే అక్కడ నీళ్లకి సంబంధించిన బోర్డులూ ఫ్యాక్టరీలూ ఏమీ కనిపించలేదు. పచ్చిక బయళ్లు, ఆవులు, చర్చి గోపురాలు, కోసి ఆరబెట్టిన గడ్డి వాసన. వెనక డెంట్ డోష్ శిఖరం, 2,200 మీటర్లు దాటిన కొండ. నేను కొండనే చూస్తున్నాను. అక్క మాత్రం కాళ్ల కింది గడ్డి వైపు చూపించి, "అటు కాదురా, ఊట ఇక్కడ మొదలవుతుంది" అంది.

సీసాలోకి వెళ్లే నీళ్లు పడేది ఈ పీఠభూమి మీద, సుమారు 35 చదరపు కిలోమీటర్ల మేర. వాన, మంచు ఇక్కడ నేలలో ఇంకి, కిందికి దిగి, ఎవియన్‌లో బయటపడటానికి 15 ఏళ్లకి పైగా పడుతుంది. దీనికి కారణం మంచుయుగం. సరస్సు లోయంతా ఒకప్పుడు పెద్ద హిమానీనదం కింద ఉండేది, అది ముందుకొచ్చినప్పుడల్లా బంకమట్టిని రుద్ది పరిచింది, వెనక్కి తగ్గినప్పుడల్లా ఇసుక, గులకరాళ్లు వదిలేసింది. అలా బంకమట్టి పొరల మధ్య ఇసుక పొర ఇరుక్కుపోయింది. పై బంకమట్టి మురికిని ఆపుతుంది, కింది బంకమట్టి నీటిని జారిపోనివ్వదు, మధ్య ఇసుకలోంచి నీళ్లు నడుస్తాయి. మనుషులు ఎంత ఖర్చుపెట్టి కట్టినా ఇలాంటి వడపోత కట్టలేరు, ఒకసారి పాడైతే బాగుచేయలేరు కూడా, ఎందుకంటే ఇవాళ పైన జరిగిన తప్పు కింద బయటపడేసరికి పదిహేనేళ్లు గడిచిపోతాయి, అప్పటికి వెనక పదిహేనేళ్ల తప్పులు దారిలో ఉంటాయి.

పదిహేనేళ్లని ఎలా తెలుస్తుంది అని నాకు అనుమానం. భూగర్భ జలాల వయసు కట్టే పద్ధతుల్లో ఒకటి ట్రిటియం. అది హైడ్రోజన్‌లో రేడియోధార్మిక రకం, 12.3 ఏళ్లకి సగం అయిపోతుంది. 1950లు, 60లలో ఆకాశంలో అణుబాంబు పరీక్షలు చేసినప్పుడు వాననీళ్లలో అది ఒక్కసారిగా పెరిగిపోయింది. ఆ వాన ఏ లోతులో, ఏ సంవత్సరం ఊటకి చేరిందో చూస్తే దారిలో ఎన్నేళ్లు గడిచాయో తెలుస్తుంది. అలాగే ఎత్తులో కురిసిన వానకీ కింద కురిసిన వానకీ ఆక్సిజన్ ఐసోటోపుల (అంటే బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ రకాల) పాళ్లలో కొంచెం తేడా ఉంటుంది, దాన్ని బట్టి ఆ నీళ్లు ఎంత ఎత్తున పడ్డాయో అంచనా కడతారు. మనుషులు చేసిన అంత చెడ్డ పని గుర్తు నీళ్లలో అలా మిగిలిపోయి, చివరికి నీళ్ల వయసు చెప్పడానికి ఉపయోగపడటం నాకు చాలాసేపు బుర్రలో తిరిగింది.

సెయింట్ పాల్ నుంచి మరవాన్ చిత్తడి నేలల అంచున ఉన్న దారిలో నడిచాం. ఈ ప్రయాణం మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన రెండు గంటలు అవి. పైకి చూస్తే ఏం లేదు, తుంగ, నాచు, అక్కడక్కడా నల్లటి నీటి మడుగులు, కప్పల అరుపులు, దోమలు. ఒకచోట దారి తప్పి గడ్డి మీద అడుగేస్తే నేల స్పాంజిలా కుంగింది, కాలు తీయగానే మెల్లగా మళ్లీ పైకి లేచింది. స్ఫాగ్నం అనే నాచు తన ఎండు బరువుకి ఇరవై రెట్ల దాకా నీళ్లు పట్టుకుంటుంది. వాన ఒక్కసారిగా పడ్డా ఈ నేల దాన్ని పట్టి ఉంచి, వారాల పాటు కొద్దికొద్దిగా వదులుతుంది. ఇంకో పని కూడా చేస్తుంది. ఆ బురదలో ఆక్సిజన్ ఉండదు, అక్కడ బతికే బ్యాక్టీరియా నైట్రేట్లలోంచి ఆక్సిజన్ లాక్కుని మిగిలిన నైట్రోజన్‌ని గాలిలోకి వదిలేస్తాయి. అంటే ఎరువులు, పేడ నుంచి వచ్చిన నైట్రేట్ కిందికి దిగే ముందే కొంత ఇక్కడ తగ్గిపోతుంది. చిత్తడి నేలని పనికిరాని భూమి అనుకుని కాలవలు తవ్వి ఆరబెట్టిన చోట్ల ఈ పని ఆగిపోతుంది. 2008లో ఈ ప్రాంతాన్ని రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తించారు. ఊటని కాపాడటం అంటే గొట్టం చుట్టూ కంచె వేయడమేనని నేను అనుకునేవాడిని. అసలు కాపాడాల్సింది ఈ బురదని.

ఆ తర్వాత ఆవులు. గోధుమ ఎరుపు ఒళ్లు, తెల్లటి మొహం, కళ్ల చుట్టూ కళ్లజోడు పెట్టినట్టు ఎర్రటి మచ్చలు, అబొందాన్స్ జాతి. దారి పక్కన కంచె సరిచేస్తున్న ఒక రైతు మమ్మల్ని చూసి పలకరించాడు. అక్క తనకొచ్చిన ఫ్రెంచ్‌లో నీళ్ల గురించి అడిగితే ఆయన పేడ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. అక్క మధ్యమధ్యలో ఆపి నాకు తెలుగులో చెబుతుంటే, నీళ్ల కథ అంతా పేడ కథే అని అప్పుడర్థమైంది. ఇన్ని పశువులు ఉన్నచోట పేడ, మూత్రం అంతా ఎక్కడ పడుతుంది, ఎప్పుడు పొలానికి వేస్తారు, ఎంత వేస్తారు అన్నదాని మీదే కింద నైట్రేట్ ఆధారపడి ఉంటుంది. మంచు కప్పిన నేల మీద వేస్తే గడ్డి పీల్చుకోదు, మంచు కరగగానే కిందికి దిగిపోతుంది. అందుకని ఇక్కడ రైతుల పేడ, పెంట అంతా ఒక ప్లాంటుకి చేరుస్తారు, అక్కడ పులియబెట్టి మీథేన్ గ్యాస్ తీస్తారు, మిగిలింది మళ్లీ ఎరువుగా పొలాలకి వస్తుంది, కానీ ఈసారి ఎప్పుడు, ఎక్కడ, ఎంత అనే లెక్కతో. ఆయన దాని గురించి గొప్పగా ఏమీ చెప్పలేదు, గొట్టంలోకి పోయే దాన్ని ముందు ఇక్కడే సరిచూసుకోవాలి కదా అన్నట్టు మాట్లాడాడు.

డబ్బు సంగతి కూడా ఆయన మాటల్లోనే వచ్చింది, తర్వాత చదివి పూర్తిగా తెలుసుకున్నాను. ఫ్రాన్స్‌లో మినరల్ వాటర్ మీద వచ్చే స్థానిక పన్ను ఊట బయటపడే ఊళ్లకే వెళ్తుంది. వాన పడేది పైన, డబ్బు పడేది కింద. పైన ఊళ్లవాళ్లు రసాయనాలు మానుకోవాలి, మురుగు కాలవలు సరిగ్గా వేసుకోవాలి, చిత్తడి నేలలు పూడ్చకూడదు, కానీ వాళ్లకి ఏమీ రాదు. ఇది ఎక్కువ కాలం నిలవదని గుర్తించి 1992లో పై ఊళ్లు, కింది ఊళ్లు, నీళ్ల కంపెనీ కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి, కింద వచ్చే డబ్బులో కొంత పైకి వెళ్లి మురుగు శుద్ధికీ, పాడి రైతులకీ, చిత్తడి నేలలకీ ఖర్చవుతుంది. నాకు ఈ ఒక్క ఏర్పాటు మిగతా అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించింది. ఊట ఎక్కడున్నా ఇదే సమస్య ఉంటుంది, నీళ్లు ఇచ్చే నేల ఒకరిది, తీసుకునే చెయ్యి ఇంకొకరిది.

మూడో రోజు ముందే పేరు రాయించుకున్న ఫ్యాక్టరీ సందర్శన. ఊరికి కొద్ది దూరంలో, సరస్సు పక్కనే. ఊట దగ్గర నుంచి స్టీలు గొట్టాల్లో నీళ్లు నేరుగా వస్తాయి. యూరప్ నియమం ఏంటంటే సహజ మినరల్ వాటర్‌ని ట్యాంకర్లలో వేరే చోటికి తీసుకెళ్లి నింపకూడదు, ఊట దగ్గరే సీసాకెత్తాలి, క్రిములు చంపడానికి క్లోరిన్ గానీ అతినీలలోహిత కాంతి గానీ వాడకూడదు. ఇనుము, గంధకం లాంటివి పేరుకుంటే వడగట్టి తీయొచ్చు, గ్యాస్ కలపొచ్చు, తీసేయొచ్చు, అంతే. సీసాకెత్తిన 12 గంటల్లోపు పరీక్షిస్తే మిల్లీలీటరులో మామూలు బ్యాక్టీరియా 20 నుంచి 22 డిగ్రీల దగ్గర వంద, 37 డిగ్రీల దగ్గర ఇరవై దాటకూడదు. సున్నా ఉండాలని కాదు, ఊట నీళ్లకి తనదంటూ కొంత సూక్ష్మజీవం ఉంటుంది, దాన్ని చంపకూడదన్నదే ఆ నియమం వెనకున్న ఆలోచన. రోగం తెచ్చేవి మాత్రం ఒక్కటీ ఉండకూడదు.

అద్దం ఇవతల నుంచి చూశాం. వేలంత లావు పరీక్షనాళికల్లాంటి ప్లాస్టిక్ ముక్కలు ఒక చివర లోపలికి వెళ్తున్నాయి, వేడిచేసి గాలి ఊదగానే సీసాలై ఇవతలికి వస్తున్నాయి, ఆ వెంటనే నీళ్లు, ఆ వెంటనే మూత. ఎంత వేగం అంటే ఒక సీసాని కళ్లతో పట్టుకుని వెంబడించలేకపోయాను. ఫ్యాక్టరీలోకే రైలు పట్టాలున్నాయి, సీసాలు లారీల కన్నా రైల్లో ఎక్కువ వెళ్లేలా చూస్తున్నామని చూపించారు. శుభ్రత విషయంలో నాకు ఒక్క అనుమానం మిగల్లేదు.

కానీ బయటికొచ్చాక సరస్సు ఒడ్డున బెంచీ మీద చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాను. పైన పదిహేనేళ్ల ఓపిక, ఆ నాచు, ఆ రైతు, ఆ సంఘం. ఇక్కడ రెప్పపాటులో సీసా. లీటరు నీళ్లు కిలో బరువు, దాన్ని ఏ యంత్రం తేలిక చేయలేదు. ఎంత దూరం పంపితే అంత ఇంధనం కాలుతుంది. సీసా సన్నం చేయొచ్చు, రీసైకిల్ చేసిన ప్లాస్టిక్ వాడొచ్చు, వాడుతున్నారు కూడా. యూరప్‌లో 2025 నుంచి పెట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన సీసాల్లో కనీసం 25 శాతం, 2030 నుంచి 30 శాతం రీసైకిల్ ప్లాస్టిక్ ఉండాలి, 2029కల్లా అమ్మిన సీసాల్లో 90 శాతం వెనక్కి సేకరించాలి. 2024 జూలై నుంచి మూత సీసాకి అతుక్కునే ఉండాలి. నీళ్లు తాగేటప్పుడు ముక్కుకి తగులుతుందని మొదట్లో నాకు చిరాకుగా ఉండేది, సముద్రపు ఒడ్డున ఏరే చెత్తలో మూతలు ఎన్ని ఉంటాయో తెలిశాక ఆ చిరాకు పోయింది. ఇవన్నీ మంచి పనులే. అయినా 2024లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు మూడు బ్రాండ్ల సీసా నీళ్లు పరీక్షిస్తే లీటరుకి సగటున 2,40,000 ప్లాస్టిక్ కణాలు కనిపించాయి, చాలావరకు మామూలు మైక్రోస్కోప్‌కి అందనంత చిన్నవి. ఆరోగ్యానికి దాని అర్థమేంటో ఇంకా తేలాల్సి ఉంది, కానీ అంత శ్రమపడి నేల వడగట్టి ఇచ్చిన నీటిలో అవి ఉండటం నాకు బాధ కలిగించింది.

"అందరూ ఇక్కడిలాగే చేస్తారా" అని అక్కని అడిగాను. తను విట్టెల్ సంగతి చెప్పింది. అదీ ఫ్రాన్స్‌లోనే, ఇంకా ఉత్తరాన, వోజ్ ప్రాంతంలో. 1980లలో అక్కడి ఊటలో నైట్రేట్ పెరుగుతుంటే పరిశోధకులు, కంపెనీ, రైతులు కూర్చుని మాట్లాడుకున్నారు. మొక్కజొన్న, పురుగుమందులు మానేసి గడ్డి, పశువుల వైపు మళ్లిన రైతులకి కంపెనీ ఏళ్ల తరబడి డబ్బులిచ్చింది. నీటిని కాపాడినందుకు రైతుకి చెల్లించే పద్ధతికి ప్రపంచమంతా ఇప్పటికీ ఆ ఊరినే ఉదాహరణగా చెబుతారు. కానీ అదే ఊళ్లో ఇంకా లోతున ఉన్న ఇసుకరాతి పొరలో నీటిమట్టం దశాబ్దాలుగా తగ్గుతూ వచ్చింది, ఎందుకంటే చేరే దానికన్నా తోడేది ఎక్కువ, కంపెనీలతో పాటు ఊరి జనం వాడకం కూడా దాని మీదే. చివరికి జనానికి వేరే చోటి నుంచి పైపులో నీళ్లు తెద్దామనే ప్రతిపాదన దాకా వెళ్లింది, పెద్ద గొడవ అయ్యాక 2019లో దాన్ని వదిలేశారు. ఒకే ఊరు, ఒక ఊటకి మంచి పేరు, ఇంకో పొరకి కొరత. నీళ్లు ఎంత స్వచ్ఛం అని ఒక్కటే అడిగితే సరిపోదని, ఏటా ఎంత ఇంకుతోంది, ఎంత తీస్తున్నారు అని కూడా అడగాలని నాకు అక్కడే తోచింది. ఫ్రాన్స్‌లోనే ఒక పెద్ద కంపెనీ తన ఊటనీళ్లకి నిషేధించిన వడపోతలు, అతినీలలోహిత కాంతి వాడినట్టు 2024లో ఒప్పుకుంది. ఊట పాడైతే దాచడానికి యంత్రాలున్నాయి, ఊటని బాగుచేసే యంత్రం లేదు.

ఆ రాత్రి గదిలో అక్కా నేనూ దీని గురించే మాట్లాడుకున్నాం. సీసా నీళ్లు మొత్తానికి వద్దని నేను అనలేను, వరదలొచ్చినప్పుడు, గొట్టం నీళ్లు పాడైనప్పుడు ఆ సీసాలే ప్రాణాలు కాపాడతాయి. ఊటనీళ్లు అమ్ముడుపోతున్నాయి కాబట్టే ఆ పీఠభూమి మీద చిత్తడి నేలలు మిగిలాయి, అది కూడా నిజమే. నాకు ఒప్పుకోవడం కష్టమైంది ఆ ఒక్కసారి వాడి పడేసే సీసా, ఆ వేల కిలోమీటర్లు. దగ్గర్లో దొరికే ఊట, తిరిగొచ్చే సీసా, ఇవి రెండూ ఉంటే నాకు ఇంకే అభ్యంతరమూ లేదు. అక్క నిద్రలోకి జారుతూ, "పొద్దున సీసా మర్చిపోకు" అంది.

మర్చిపోలేదు. తిరుగు పడవకి ముందు, ఇంకా ఎండ రాకముందే కాషా ఊట దగ్గరికెళ్లాం. ఎవరూ లేరు, గొట్టం కింద నీళ్లు పడుతున్న చప్పుడు మాత్రమే. ముత్యాల సీసాని రెండుసార్లు ఆ నీళ్లతోనే కడిగి, నింపి, మూత బిగించాను. గాజు మీద వెంటనే చెమట పట్టింది, అరిగిన పట్టీల దగ్గర మాత్రం అది గీతలుగా ఆగింది. లెక్కేస్తే ఈ నీళ్లు వానగా పడినప్పుడు నేను ఇంకా కాలేజీలో ఉన్నాను.

పడవలో సగం, బాసెల్‌లో రైలు మారుతూ కొంచెం తాగాం, మిగిలింది ఇంటికొచ్చాక బావ గారికి ఇచ్చాం. ఆయన ఒక్క గుక్క తాగి, కాసేపు ఆలోచించి, "బాగున్నాయి, మన కొళాయి నీళ్లు కూడా బాగానే ఉంటాయి" అన్నారు. అదీ నిజమే, ఫ్రైబుర్గ్ కొళాయి నీళ్లు నేను రోజూ తాగుతున్నవే. మర్నాడు సాయంత్రం ఖాళీ క్రేట్ తీసుకుని అక్కా నేనూ షాపుకెళ్లాం. గోడలో ఉన్న యంత్రం ముందు క్రేట్‌ని పెడితే బెల్టు దాన్ని లోపలికి లాక్కుంది. మన సీసా మాత్రం విడిగా ఉంది, దాన్ని పక్కన గుండ్రటి కంతలోకి అడుగు వైపు నుంచి పెట్టాను. లోపల ఎక్కడో గాజుకి గాజు తగిలిన చప్పుడు వినిపించింది. చీటీ మీద ఆ ఒక్క సీసాకి, కొన్నప్పుడు కట్టిన డిపాజిట్ 15 సెంట్లు అని వచ్చింది.